అన్న గుర్రమెక్కితే తమ్ముళ్లు పద్దు రాశారు

తెలుగు సినిమా రికార్డుల్లో ‘తొలి’ అన్న మాట పక్కన మాటిమాటికీ తగిలే ఇంటిపేరు ఘట్టమనేని. తొలి కౌబాయ్ చిత్రం, తొలి సినిమాస్కోప్, తొలి 70 ఎంఎం. ఈ మూడూ పద్మాలయా సంస్థవే. పోస్టరు మీద ఉండేది హీరో కృష్ణ. పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది ఆయన తమ్ముళ్లు జి. హనుమంతరావు, జి. ఆదిశేషగిరిరావు. తెనాలి పక్కన బుర్రిపాలెం వాళ్ల ఊరు. రికార్డుల చిట్టా రాసేవాళ్లు పెద్దక్షరాల దగ్గరే ఆగిపోతుంటారు. అసలు విశేషం చిన్నక్షరాల్లో ఉందనిపిస్తుంది.

వాళ్ల ఊరు ఆంధ్ర వైపుదైనా, తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు కూడా ఈ కథలో రెండు విధాల చోటుంది. ఒకటి వ్యాపారపు లెక్క. సినిమా పంపిణీదారుల పటంలో ఈ మూడు ఊళ్లూ ‘నైజాం’ అంచులు. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే ‘కృష్ణా ఏరియా’, మిర్యాలగూడ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణా నది దాటితే ‘గుంటూరు ఏరియా’. నిజాం రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటినా సినిమా వాళ్ల పద్దు పుస్తకంలో సరిహద్దు మాత్రం చెక్కుచెదరలేదు. రెండోది మనుషుల లెక్క. కృష్ణ తుపాకీ పట్టడానికి ముందు, తెలుగు తెర మీద కత్తి తిప్పిన చెయ్యి కోదాడ దగ్గర గుడిబండది. ఆ సంగతి కాసేపట్లో.

ఎడారిలో తెలుగు గుర్రం

పద్మాలయా తొలి సినిమా ‘అగ్నిపరీక్ష’ 1970లో వచ్చింది. అది ఎవరికీ పెద్దగా గుర్తులేదు. మరుసటి ఏడు, 1971 ఆగస్టు 27న ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైంది. నిర్మాత ఆదిశేషగిరిరావు, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. మద్రాసులో ‘మెకన్నాస్ గోల్డ్’, క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాలు ఆడుతున్న రోజులవి. టోపీ, చుట్ట, గుర్రం, బంగారం కోసం ముగ్గురు నలుగురు ఒకరినొకరు మోసగించుకోవడం, ఇవన్నీ అక్కడివే. కథ మాత్రం ఆరుద్ర చేతిలో పడింది. ఆయన దాన్ని ఇంగ్లీషువాళ్ల కాలానికి, ఒక సంస్థానంలో దాచిన నిధికి తెచ్చి కట్టారు. అందుకే అది అరువు సరుకులా అనిపించదు. నిధి కథ మన పేదరాశి పెద్దమ్మకు కొత్తదా ఏమిటి!

స్టూడియోలో ఇసుక పోసి సరిపెట్టుకునే అలవాటున్న కాలంలో యూనిట్‌ని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లారు. సంస్థకి అది రెండో సినిమా అని గుర్తుపెట్టుకుంటే ఆ ఖర్చు ఎంత తెగింపో తెలుస్తుంది. తర్వాత తమిళం, హిందీతో పాటు ఇంగ్లీషులోకి కూడా డబ్బింగు చేశారు. నూటికి పైగా దేశాల్లో ఆడిందని అభిమానులు లెక్క చెబుతారు. అభిమానుల లెక్కలో కాస్త తరుగు తీసినా, కృష్ణా తీరపు రైతు కుటుంబం ఆ రోజుల్లో తీసిన సినిమా సముద్రం దాటడం మాత్రం నిజం. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన తొలి పుట్టినరోజుకి, దాన్నే 4కె చేసి మళ్లీ విడుదల చేశారు. యాభై రెండేళ్ల తర్వాత కూడా ఈలలు పడ్డాయి.

దర్శకుడు పోయినా ఆగని సినిమా

‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న విడుదలైంది. కృష్ణకి నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్. స్కోపంటే నిర్మాత ఒక్కడి ఖర్చుతో తీరేది కాదు. కెమెరా కటకంతో చిత్రాన్ని అడ్డంగా నొక్కి ఫిల్ము మీదకి ఎక్కిస్తారు. హాల్లో మళ్లీ ఇంకో కటకంతో దాన్ని విప్పాలి. తెర వెడల్పుగా ఉండాలి. అంటే హాలు యజమాని కూడా జేబులో చెయ్యి పెట్టాలి. ఇంతలో చింతపల్లి అడవుల్లో షూటింగు సాగుతుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశారు. మిగిలిన భాగం కృష్ణ పూర్తి చేస్తే, పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ చూసుకున్నారు. పేరు మాత్రం రామచంద్రరావుదే ఉంచారు. శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ పురస్కారం దక్కింది.

ఆ విజయం వెంటే వింత ఇంకొకటి. అల్లూరిని చూసిన కళ్లకి మామూలు కృష్ణ ఆనలేదు, వరసగా సినిమాలు పోయాయి. 1976 సంక్రాంతికి ‘పాడిపంటలు’ వచ్చి నిలబెట్టింది. అదీ పద్మాలయాదే. బయటి నిర్మాతలు వెనకాడే వేళ ఇంట్లో నిర్మాతలుండటం అంటే ఇదీ.

కాగడాలు, కోటలు

1986 మార్చి 21న ‘సింహాసనం’ విడుదలైంది. దర్శకుడిగా కృష్ణ పేరు తెర మీద పడిన మొదటి సినిమా. 70 ఎంఎం, ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం. మొదటిసారి దర్శకత్వం చేస్తున్నవాడు చిన్న కథతో మొదలుపెడతాడు. ఈయన రాజుల కోటలు కట్టించి, అదే సెట్టింగుల్లో జితేంద్రతో హిందీ ‘సింఘాసన్’ కూడా తీశారు. ఒక ఖర్చుకి రెండు సినిమాలు! ఇది దర్శకుడి ఆలోచన కంటే పద్దు రాసేవాళ్ల ఆలోచనలా కనిపిస్తుంది నాకైతే.

హిందీ వీళ్లకి అప్పటికే కొత్త కాదు. 1983లో ‘హిమ్మత్‌వాలా’, ‘జస్టిస్ చౌదరి’, ‘మవాలీ’ ఒకే ఏడాది వచ్చాయి. శ్రీదేవిని ఉత్తరాది తలకెత్తుకున్నది ‘హిమ్మత్‌వాలా’తోనే. 1985లో ‘పాతాళ భైరవి’ని కూడా హిందీలో తీశారు. మన నేపాళ మాంత్రికుడి స్థానంలో కాదర్‌ఖాన్. దాని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పకపోవడం మేలు.

గుడిబండ కత్తి

తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. హెచ్.ఎం. రెడ్డి ‘నిర్దోషి’తో 1951లో తెరకెక్కి, ‘ప్రతిజ్ఞ’తో 1953లో కథానాయకుడయ్యారు. ఆ తర్వాత విఠలాచార్య చేతిలో పడ్డారు. ‘జయ విజయ’, ‘మదన కామరాజు కథ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘నవగ్రహ పూజామహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’... అటు రాజనాల, ఇటు కాంతారావు, మధ్యలో రెండు కత్తులుంటే టికెట్లు తెగేవి. జనం ‘కత్తి కాంతారావు’ అని పిలుచుకున్నారు. నైజాం ప్రాంతం నుంచి వెళ్లి మద్రాసులో అంతకాలం కథానాయకుడిగా నిలబడినవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నాలుగు వందలకు పైగా చిత్రాలు. నారదుడంటే ఆయనే, ‘లవకుశ’లో లక్ష్మణుడూ ఆయనే, ‘నర్తనశాల’లో కృష్ణుడూ ఆయనే.

1969లో కాంతారావు సొంతంగా తీసిన ‘గండర గండడు’కి దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. రెండేళ్లకి కృష్ణ సోదరులకి కౌబాయ్ సినిమా తీసిపెట్టింది ఆ దాసే. అదే దర్శకుడు, అదే దమ్ము, అవే గుర్రాలు. ఫలితం మాత్రం వేరు. కాంతారావుని నిర్మాణం ముంచింది. ఊళ్లో ఆస్తులు కరిగిపోయాయి. ముందు వరసలో నిలిచిన మనిషి చివరికి చిన్న చిన్న వేషాలు వేసుకోవలసి వచ్చింది. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు, 2009 మార్చి 22న వెళ్లిపోయారు. మొహానికి రంగు వేసుకున్న మనిషే రాత్రి కూర్చుని వడ్డీ లెక్కలూ చూసుకోవాలంటే ఎలా కుదురుతుంది? పద్మాలయాలో ఆ రెండు పనులూ చేసింది ఒకే మనిషి కాదు. నటనలో ఇద్దరి మధ్యా తేడా ఎంత అన్నది అభిమానులు తేల్చుకోవాలి కానీ, పద్దులో తేడా మాత్రం ఇదే.

తుంగతుర్తి డాక్టరు

సూర్యాపేట జిల్లా తుంగతుర్తి వాడైన ఎం. ప్రభాకర్‌రెడ్డి డాక్టరు చదువు చదివి, 1960లో ‘చివరకు మిగిలేది’తో నటుడయ్యారు. విలనీ, జడ్జీ కోటు, జమీందారు శాలువా ఏది ఇచ్చినా వేశారు. 1972లో హనుమంతరావు నిర్మాతగా వచ్చిన ‘పండంటి కాపురం’ కథ ఆయనదే. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన సినిమా అది. కథలో అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం. తీసినవాళ్లూ అన్నదమ్ములే. హైదరాబాద్ మణికొండ దగ్గర సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి పెట్టింది ఈ డాక్టరు పేరే.

మరికొందరు అన్నదమ్ములు

సినిమా పుట్టిందే అన్నదమ్ముల చేతిలో. 1895 డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి బొమ్మలు ఆడించింది లూమియర్ సోదరులు. బొంబాయి రామ్‌సే కుటుంబంలో ఏడుగురు అన్నదమ్ములు దెయ్యాల సినిమాలు తీశారు: ఇద్దరు దర్శకత్వం, ఇద్దరు కెమెరా, ఒకరు కథ, ఒకరు శబ్దం, ఒకరు కూర్పు. బయటి మనిషికి జీతం ఇవ్వనక్కర్లేని దెయ్యాల కంపెనీ అది! అమెరికాలో రూసో సోదరుల ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ 2019లో దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఇక ఘట్టమనేని ఇంట్లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన పేరు అన్నదమ్ములది కాదు, వదినది. 1973లో ‘మీనా’తో తెలుగులో మెగాఫోన్ పట్టిన కృష్ణ భార్య విజయనిర్మల 44 చిత్రాలకు దర్శకత్వం వహించి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో నమోదయ్యారు.