ఆట కంపెనీకీ ఉండాలి ఒక అగ్‌మార్కు!

వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చారో లేదో, బడి నుంచి వచ్చిన అబ్బాయి మీ పక్కన చేరతాడు. "అమ్మా, నీ ఫోనుకి ఒక నంబరొచ్చింది, చెప్పవా?" అంటాడు. "ఏం నంబరు నాయనా?" అంటే, "గేముకులేమ్మా, ఊరికే!" అంటాడు. ఆ 'ఊరికే' ఖరీదెంతో నెలాఖరున బ్యాంకు లెక్క చూసుకుంటే గానీ మనకు తెలియదు.

మనమేమీ అంత తేలిగ్గా మోసపోయేవాళ్లం కాదు కదా! ఉద్దిపప్పు కొంటే నాలుగు గింజలు చేతిలో పోసుకుని చూస్తాం. నెయ్యి కొంటే అరచేతికి రాసుకుని వాసన చూస్తాం. చింతపండు తూచేటప్పుడు మన కళ్లు కాటా మీదే ఉంటాయి. మరి పిల్లలు గంటల తరబడి ఆడే వీడియో గేమును ఎవరు చేశారో, వాళ్లు నమ్మదగినవాళ్లో కాదో ఎప్పుడైనా అడిగామా?

మీ అబ్బాయినే అడిగి చూడండి. "ఆ కంపెనీ మంచిదమ్మా, ఈ కంపెనీకి ఎప్పుడూ డబ్బు గోలే" అని గడగడా చెప్పేస్తాడు. మనకు కిరాణా కొట్లెలాగో, వాళ్లకు గేము కంపెనీలు అలాగ!

క్యాసెట్టులో 9999 ఆటలు

మా ఇంటి సంగతే చెబుతాను. 1990లలో తిరుపతిలో ఒక దుకాణంలో మా తమ్ముడికి టీవీకి తగిలించుకునే గేము కొన్నాం. క్యాసెట్టు మీద '9999 ఆటలు' అని పెద్ద అక్షరాలు. వాడు రాత్రంతా మీటలు నొక్కుకుంటూ పోతే తేలిందేమిటంటే, ఉన్నవి పట్టుమని పది ఆటలు! వాటినే అటూ ఇటూ మార్చి వేల లెక్క చూపించారు. "ఒకే పిండితో దోసె, ఊతప్పం, పుణుగులు పోసి మూడు పిండులంటే ఎట్లా?" అని మా అమ్మ నవ్వింది. తమ్ముడు మాత్రం మళ్లీ ఆ దుకాణం గడప తొక్కలేదు.

ఇలాంటిదే అమెరికాలో 1983లో పెద్ద ఎత్తున జరిగింది. నాసిరకం ఆటలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. జనం కొనడం మానేశారు. అటారీ అనే పెద్ద కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను న్యూమెక్సికో ఎడారి ఊరు అలమగోర్డోలో గోతిలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి కూడా!

ఆ తర్వాత 1985లో జపాను కంపెనీ నింటెండో టీవీకి తగిలించుకునే తన గేము యంత్రాన్ని అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. తను ఒప్పుకున్న ఆటల డబ్బాల మీద నాణ్యతా ముద్ర వేసింది. ముద్ర ఉన్న ప్రతి ఆటా గొప్పదని కాదు. కానీ 'దీనికి జవాబుదారీ ఒకరున్నారు' అన్న ధీమా కొనేవాళ్లకు కలిగింది. నెయ్యి డబ్బా మీద మనం అగ్‌మార్కు వెతుక్కోవడంలేదూ? అదీ అంతే.

తప్పు చేసినా నిలిచినవాళ్లు

తప్పే చెయ్యని కంపెనీ ఉండదు. చేశాక ఏం చేసిందన్నదే లెక్క. ఇంగ్లండులో హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016లో 'నో మ్యాన్స్ స్కై' అనే ఆట తెచ్చింది. చెప్పినవి చాలా అందులో లేవని ఆడేవాళ్లు మండిపడ్డారు. ఆ సంస్థ ఎక్కువ మాట్లాడకుండా, ఏళ్ల తరబడి కొత్త హంగులు చేర్చుతూ వచ్చింది, అదీ పైసా తీసుకోకుండా! తిట్టినవాళ్లే తర్వాత మెచ్చుకున్నారు.

పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్టు కంపెనీ 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' విడుదల చేసింది. పాత యంత్రాల మీద అది సరిగా నడవనే లేదు. సోనీ తన దుకాణం నుంచి దాన్ని తీసేసింది. కంపెనీ క్షమాపణ చెప్పి, వద్దన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. ఆ తర్వాత ఏళ్లు పట్టినా ఆటను బాగుచేసింది.

అడుగంటిన కూరను దాచిపెట్టి వడ్డించేవాళ్లు వేరు, "ఈరోజు మాడిందమ్మా, ఇంకొంచెం ఆగండి" అనేవాళ్లు వేరు కదా!

నమ్మకం ఎక్కడ పోతుంది?

ఆట కొన్నాక కూడా జేబులో చెయ్యి పెడితే పోతుంది. 2017లో ఈఏ కంపెనీ 'స్టార్ వార్స్' ఆటలో అదృష్టపు పెట్టెలు పెట్టింది. పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు, మన జాతరలో లాటరీ చీటీల్లాగే. గోల పెరిగేసరికి విడుదలకు ముందే అందులో డబ్బుతో కొనడాన్ని తాత్కాలికంగా ఆపేసింది. మరుసటి ఏడు బెల్జియం దేశం ఇలాంటివి కొన్ని జూదమేనని తేల్చింది.

'ఫోర్ట్‌నైట్' ఆట చేసిన ఎపిక్ గేమ్స్ సంగతి ఇంకా తెలుసుకోవాల్సింది. తికమక పెట్టే మీటలతో, పెద్దల అనుమతి లేకుండా పిల్లల చేత కొనిపించిందని, పిల్లల వివరాలు సేకరించిందని అమెరికా వినియోగదారుల సంస్థ కేసు పెట్టింది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకరు లాంటి పందేల ఆటలను నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ పందెం లేని మామూలు ఆటలో బొమ్మ తుపాకీనో, రంగు చొక్కానో కొనడం వేరే సంగతి. అక్కడ జాగ్రత్త మనదే.

మనమేం చెయ్యాలి?

* ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా పెట్టించండి. ఆ పాస్‌వర్డు పిల్లలకు చెప్పకండి. ఫోనుకొచ్చే ఓటీపీ అసలే చెప్పకండి.

* గేము ఎక్కించే ముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ధర ముందే చెప్పారా? లోపల మళ్లీ కొనాల్సినవి ఉన్నాయా? నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా? కంప్యూటరు గేములు అమ్మే స్టీమ్ దుకాణం 2015 నుంచి, కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటల లోపే ఆడి ఉంటే వాపసు ఇస్తోంది. పిల్లలు దాన్ని మెచ్చుకోవడానికి ఇదీ ఒక కారణం.

* పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకండి. ప్లే స్టోరులో కొన్నదానికి 48 గంటల్లో వాపసు అడగవచ్చు. కంపెనీ పలకకపోతే వినియోగదారుల నంబరు 1915, ఎవరైనా మోసం చేసి లాగేస్తే సైబరు నేరాల నంబరు 1930.

చిత్తూరులో మా బంధువులావిడ ఖాతాలో మామిడికాయల డబ్బు పడింది. ఎనిమిదో తరగతి కొడుకు ఒక గేములో డైమండ్ల కోసం నాలుగు వేలు వాడేశాడు. భయపడి నెలరోజులు నోరు మెదపలేదు. వాపసు అడిగే గడువు కాస్తా దాటిపోయింది. "ఆరోజే చెప్పుంటే కొట్టేదాన్నా?" అని ఆవిడ వాపోయింది. "కొట్టేదానివే మా" అన్నాడు వాడు. ఆవిడ దగ్గర జవాబు లేదు.

తప్పు ఒప్పుకున్న కంపెనీని పిల్లలు క్షమించి, మళ్లీ నమ్ముతున్నారు. తప్పు ఒప్పుకోవడానికి మన పిల్లలకు మన ఇంట్లో అంత చోటుందా? ఈ సాయంత్రం కాఫీ కలిపి ఇచ్చి, "నీ ఆట ఎట్లాంటిదో నాకూ చూపించు నాయనా" అని పక్కన కూర్చోండి. అరగంట చాలు. రేపు పొరపాటు జరిగితే వాడు ముందు మీ దగ్గరికే వస్తాడు.