పిచ్చుక గొంతు తగ్గించిన వసంతం

2020 మార్చి 17న శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ఆరు కౌంటీలలో ప్రజలు ఇళ్ళలోనే ఉండాలన్న ఉత్తర్వు అమలులోకి వచ్చింది. కోవిడ్ భయం ఒకవైపు, విమానాలు నిలిచిపోయి స్వదేశం చేరలేని తల్లిదండ్రుల బెంగ మరొకవైపు తెలుగు కుటుంబాలను కలవరపెట్టిన రోజులవి. ఇంటి పరిసరాలలో నడవడానికి మాత్రం అనుమతి ఉండేది. అలా నడిచినవారిలో పలువురికి పక్షులు మునుపటికంటె బిగ్గరగా పాడుతున్నట్లు తోచింది.

కాని జరిగింది అందుకు విరుద్ధం. టెన్నెస్సీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎలిజబెత్ డెర్రీబెర్రీ బృందం ఈ ప్రాంతంలోని వైట్ క్రౌన్‌డ్ స్పారో పాటలను పరిశీలించింది. తలపై నలుపు తెలుపు చారలుగల చిన్న పిచ్చుక ఇది. కొన్నేళ్ళ క్రితం చేసిన ధ్వనిముద్రణలను 2020 వసంతకాలపు పాటలతో పోల్చి, ఫలితాలను అదే సంవత్సరం 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. పిచ్చుకలు గొంతు పెంచలేదు, తగ్గించాయి!

కారణమేమిటి? వాహనాల రొదలో మంద్రస్వరాలే అధికం. పక్షి పాటలోని మంద్రస్వరాలు అందులో మునిగిపోతాయి. అందుచేత నగరపు పిచ్చుకలు ఆ స్వరాలను విడిచి, తారస్థాయిలో గట్టిగా పాడటం అలవరచుకొన్నాయి. పెళ్ళిపందిరిలో బాజాల నడుమ మాట్లాడేవారు గొంతు పెంచినట్లే ఇదీ. 2020 వసంతంలో గోల్డెన్‌గేట్ వంతెనపై రాకపోకలు 1954 నాటి స్థాయికి పడిపోయాయి. రొద తగ్గగానే పిచ్చుకలు మెల్లగా, విడిచిపెట్టిన మంద్రస్వరాలను సైతం కలుపుకొని పాడాయి.

గొంతు తగ్గినా పాట మునుపటికంటె రెట్టింపు దూరం వినిపించింది. వృత్తపు వ్యాసార్ధం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది కదా! అందువల్లనే పెరటిలో నిలిచిన మనిషికి అంతకుముందుకంటె నాలుగు రెట్ల పక్షులు వినిపించే వీలు కలిగింది. హెచ్చింది పక్షుల గొంతు కాదు, వినికిడి మేర.

ఈ పిచ్చుకలకు యాసలు కూడా ఉన్నాయి. కొద్ది మైళ్ళ దూరంలోనే పాట తీరు మారిపోతుంది. పిల్లపక్షి పుట్టుకతో పాట నేర్చుకొని రాదు. తొలి రెండు మూడు నెలలలో చుట్టుపక్కల పెద్దపక్షుల పాట విని నేర్చుకొంటుంది. వినబడనిది నేర్చుకోలేదు. పరాయి దేశంలో ఇంటి భాషను పిల్లలకు అందించాలని తపించే తల్లిదండ్రులకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

ఆంక్షలు సడలాక వాహనాలూ, వాటితోపాటు రొదా తిరిగి వచ్చాయి. అయితే ఆ వసంతపు నిశ్శబ్దం పూర్తిగా చేజారలేదు. ఆదివారం తెల్లవారుజామున వీధులు ఇంకా మేలుకొనవు. పక్షులు మిక్కిలిగా పాడే వేళ కూడా అదే. తాతయ్య, అమ్మమ్మలతో పిల్లలు పది నిమిషాలు పెరటిలో మౌనంగా కూర్చుంటే చాలు. ఎన్ని రకాల పాటలు వినిపించాయో లెక్కపెట్టడానికి దుర్భిణీ అవసరం లేదు, చెవి ఒగ్గితే సరిపోతుంది.