బావి పాఠం - సముద్రం పాఠం

మా వూరు వెంకటగిరికోట. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు, మధ్యలో మా టమాటా మండీ. ఇక సముద్రమంటారా, చెన్నపట్నం వెళ్ళినప్పుడు పాదాలు తడుపుకోవడానికే. అటువంటి వూళ్ళో బడిపంతులుగా పనిచేసి, పెన్షను పుచ్చుకుంటున్న నేను సముద్రం అడుగు చూసి వచ్చానంటే మీరు నవ్వుతారు. మా ఆవిడ ముందే నవ్వింది.

తప్పంతా మా అమ్మాయిది. "నాయనా! ఈ సెలవులకు అండమాన్ పోదాం. సిలిండరు కట్టుకుని నీళ్ళలో దిగుదాం" అంది.

"సొరబుర్ర కట్టుకుని మోటబావిలో ఈత నేర్చినవాణ్ణి. వూపిరి బిగబట్టి ఒక్క మునకలో అడుగు మట్టి తెచ్చేవాణ్ణి. నాకేం భయం?" అన్నాను. ఆ గొప్పే నా కొంప ముంచబోయింది.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దిగిన వూరు శ్రీవిజయపురం. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్. అక్కణ్ణుంచి ఓడలో స్వరాజ్ ద్వీపం. 2018 చివరిదాకా దాన్ని హావ్‌లాక్ అనేవారు. అక్కడ మాకు డైవింగు నేర్పిన కుర్రవాడు తెలుగువాడే! తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబమట.

ముందుగా ఒక కాగితం ఇచ్చాడు. గుండెజబ్బు వుందా, చెవిలో బాధ వుందా, ఉబ్బసం వుందా అని ప్రశ్నలు. నేను డాక్టరు పత్రం వెంట తెచ్చుకున్నాను. మా ఆవిడకు ఉబ్బసం. "లేదని రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు?" అంది మెల్లగా.

"సముద్రం చూస్తుందమ్మా!" అన్నాడతను.

పాపం, ఆవిడ ఒడ్డునే కూర్చుంది. వచ్చిన బేరం పోయినా సరే, కాదన్నాడు. అప్పుడే నాకు ఆ అబ్బాయిమీద గురి కుదిరింది.

సిలిండరులో వుండేది ఆక్సిజన్ అనుకున్నాను. కాదు, మనం పీల్చే మామూలు గాలినే బాగా అదిమి నింపుతారు. దాన్ని నీటిలో అవసరమైనంతే నోటికందించే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు.

"మాస్టారూ, ఒక్కటే సూత్రం. వూపిరి బిగబట్టకండి" అన్నాడు కుర్రవాడు. పది మీటర్ల లోతున వొత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. వూపిరితిత్తులు చిరగవచ్చు. బావిలో ప్రాణం నిలిపే విద్యే ఇక్కడ ప్రాణం తీస్తుంది!

దిగాం. చెవులు దిబ్బడ వేసినప్పుడల్లా ముక్కు మూసి గాలి వొత్తుతూ మెల్లగా దిగాలి. పగడపు దిబ్బలమీద నారింజరంగు చేపలు, వాటికి తెల్లని పట్టెలు. కాని లోతుకు పోయేకొద్దీ అన్నిటికంటె ముందు ఎరుపు మాసిపోతుంది. మా మండీలోని టమాటా అక్కడికి తీసుకువెళితే ఎవరూ కొనరు!

ఇంతలో కళ్ళద్దాల్లోకి నీళ్ళు వచ్చాయి, ముక్కులోకీ పోయాయి. అంతే, యాభైయేళ్ళనాటి బావి గుర్తొచ్చింది. వూపిరి బిగబట్టి, కాళ్ళు తన్ని పైకి లేవబోయాను. కుర్రవాడు నా చొక్కాపట్టీ గట్టిగా పట్టుకున్నాడు. నా కళ్ళ ముందు అరచెయ్యి నిలిపి, తన నోటినుంచి బుడగలు వదిలి చూపించాడు. ఎంతసేపో తెలియదు. చివరకు నేనూ వదిలాను. ఒక బుడగ, రెండు, పది... అద్దాన్ని పైఅంచున నొక్కి ముక్కుతో గాలి వూదితే నీళ్ళు బయటికి పోయాయి. ఎదుట మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నది.

ఒడ్డుకు వచ్చాక కుర్రవాడు మరో జాగ్రత్త చెప్పాడు: రక్తంలో కరిగిన నత్రజని పోవాలి గనుక, విమానం ఎక్కడానికి 18 గంటలైనా ఆగమన్నాడు.

జరిగింది విని మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇంట్లో కోపం వచ్చినప్పుడు కూడా అలా బిగబట్టుకు కూర్చోకండి. కాస్త వూపిరి వదలండి" అంది.

ఆ పాఠం ఇంకా సాధన చేస్తున్నాను.