ఉమూఫియాలో ముందుగా పగిలినది ఏది?

ధరణికోటకు చెందిన కళాశాల విద్యార్థులు నలుగురు ఒక ఆంగ్ల నవలను చేతబట్టుకొని గత వేసవిలో మాయొద్దకు వచ్చిరి. అది పశ్చిమాఫ్రికాలోని నైజీరియా రచయిత చినువా అచెబె వ్రాయగా 1958లో లండనున వెలువడిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’. పరీక్షలో రాబోవు ప్రశ్న వారికి ముందే తెలిసియున్నది: పాశ్చాత్యుల రాకవలన ఒక జాతి మతవిశ్వాసము ఎట్లు భగ్నమయ్యెను? జవాబును సైతము ఎవరో వ్రాసియిచ్చినారు. తెల్లవాడు బైబిలుతో వచ్చెను. దాని వెనుక కచ్చేరి వచ్చెను. కచ్చేరి వెనుక తుపాకి వచ్చెను. నిండుకుండవంటి పల్లె పగిలిపోయెను. ఇంతియే. జాతీయభావముతో పెరిగిన మావంటివారికి ఈ జవాబు చెవికింపుగా నుండును. ఆ యింపే మాకు అనుమానము కలిగించినది. పూర్వపు కోటగోడ యిప్పుడు మట్టిదిబ్బగా మిగిలియున్నది గదా, సాయంకాలములందు దానిమీదనే కూర్చుండి పుస్తకమును మొదటినుండి చదివితిమి.

కథ మన పాఠకులలో తెలియనివారికై క్లుప్తముగా చెప్పుదుము. ఇగ్బో జాతివారి ఉమూఫియా గ్రామమున ఒకొంక్వో అనువాడు కండబలముచేతను కష్టముచేతను పేరుగాంచిన రైతు. తండ్రి ఉనోకా సోమరి, అప్పులవాడు. పిల్లనగ్రోవి వాయించుకొని కాలము గడిపినవాడు. తండ్రివలె కాగూడదను భయమే ఒకొంక్వో బ్రతుకును నడపినది. ఒక శవసంస్కారమున అతని తుపాకి ప్రమాదవశమున ప్రేలి ఒక బాలుడు మరణింపగా, ఏడేండ్లు తల్లి పుట్టింటి ఊరైన ఎంబాంటాలో ప్రవాసమున్నాడు. ఆ యేడేండ్లలోనే మిషనరీలు దిగినారు. తిరిగివచ్చునప్పటికి ఊరిలో చర్చి, న్యాయస్థానము, జెయిలు వెలసినవి. గ్రామపెద్దలు ఆర్గురను మాటకు పిలిచి సంకెళ్లు వేసిరి. గవ్వలు రెండువందల సంచులు జరిమానా యనగా, మధ్యనున్న బంట్రోతులు దానిని రెండువందల యేబదిగా చేసి మిగిలినది మ్రింగిరి. ఒకొంక్వో ఒక బంట్రోతు తల నరకెను. ఊరు తనవెంట లేవదని గ్రహించి ఉరిపోసికొనెను. ఇంతటి మనుష్యునిగూర్చి, తాను వ్రాయబోవు గ్రంథములో ఒక పేరా వ్రాయవచ్చునని దొరగారు ఆలోచించుటతో నవల ముగియును.

ఆ పేరా మాట చదివినప్పుడు మాకు మన జిల్లాల మాన్యువళ్లు జ్ఞప్తికి వచ్చినవి. 1883లో గార్డన్ మెకంజీ కృష్ణాజిల్లా మాన్యువలును ప్రకటించెను. ఇట్టి గ్రంథములలో ఉపయోగపడు సంగతులు లేకపోలేదు, మేమును వానిని సంప్రదించుచునే యున్నాము. అయినను అందులో మనుష్యులు పన్నుకట్టు జనముగానే కానవత్తురు. బంట్రోతుల కథయు మనకు క్రొత్తది కాదు. పల్నాటి అడవులలో పశువుల మేపుకై పుల్లరి వసూలు చేసిన రోజులను, 1922 ఫిబ్రవరిలో మించాలపాడున తుపాకులకు గురియైన కన్నెగంటి హనుమంతును ఈ సీమ మరచిపోలేదు. కనుక విద్యార్థులకు ఎవరో వ్రాసియిచ్చిన జవాబు అబద్ధము కాదు. అది సగము మాత్రమే.

తక్కిన సగమును బయటపెట్టినది ఆ నలుగురిలో ఒక అమ్మాయి. ఊరి వెలుపలి పల్లెనుండి వచ్చిన పిల్ల. పదునెనిమిదవ అధ్యాయము చదువుచుండగా ఆగి, “మాస్టారూ, ఆ ఊళ్లో మేము పుట్టి ఉంటే ఎటువైపు ఉండేవాళ్లం?” అని అడిగెను.

ఆ అధ్యాయములో ఓసులు వత్తురు. దేవతకు అంకితమైనవారి సంతతి. స్వతంత్రులు వారిని పెండ్లాడరాదు, వారు ఊరిసభలో కూర్చుండరాదు, పెంచిన జడలు కత్తిరించుకొనరాదు, చచ్చిన పిదప దుష్టారణ్యములో పారవేయబడవలెను. అంతకుముందే మరికొన్ని చూచితిమి. కవలలు పుట్టినయెడల మట్టికుండలలో పెట్టి అడవిలో విడుతురు. ఇకెమెఫూన అను బాలుడు ఒకొంక్వోను తండ్రీయని మూడేండ్లు పిలిచెను. దేవత ఆజ్ఞయను పేర వానిని చంపుటలో ఆ తండ్రిచేతి కత్తియు పాల్గొనెను. ఒకొంక్వో కొడుకు న్వోయెకు త్రిత్వసిద్ధాంతము ఒక్క ముక్కయు అర్థముకాలేదని రచయితయే స్పష్టముగా చెప్పుచున్నాడు. చీకటిలో నున్నవారిని గూర్చిన ఒక పాట వానిని పట్టుకొనెను. ఆ కవలల యేడ్పునుగూర్చియు, ఇకెమెఫూననుగూర్చియు వాని గుండెలో ఒక ప్రశ్న యుండెను. ఊరిలో దానికి బదులు చెప్పువారు లేరు. మిషనరీకి చర్చి కట్టుకొన దుష్టారణ్యమును చూపిన పెద్దలు, వారు నాలుగు వారములలో చత్తురని కాచుకొనిరి, చావలేదు. ఊరు దేనిని విసరివేసినదో ఆ స్థలమునందే, ఊరు విసరివేసిన మనుష్యులతోనే క్రొత్తమతము నిలిచినది.

అచెబె తండ్రి చర్చి మిషనరీ సొసైటీలో బోధకుడు. ఆ సంఘమే మన మచిలీపట్టణమునకు 1841లో నోబుల్, ఫాక్సు దొరలను పంపినది. నైగరు నదీతీరమున ఒనిత్షాలో 1857లో అడుగుపెట్టినది. నోబుల్ పాఠశాలలో 1852లో ఇద్దరు విద్యార్థులు జ్ఞానస్నానము పొందగా, తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించి బడిని ఖాళీ చేసిరి. బందరు ఇండ్లలో ఆనాడు ఎందరు ఒకొంక్వోలు గర్జించిరో! అయినను మన దేశమున అసలు మార్పు బందరు అగ్రవర్ణముల యిండ్లలో జరుగలేదు. పల్లెలలో జరిగినది. లూథరన్ మిషనరీ హెయర్ 1842లో గుంటూరు చేరి, 1849లో పల్నాటి గురజాలకు పోయెను. ఒంగోలు ప్రాంతమున 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. దొరను చూడకముందే రాజయోగము నేర్చి గురువులను వెదకినవాడు. 1876-78 నాటి క్షామములో మిషనరీ క్లౌ బకింగ్‌హాము కాలువపనిని గుత్తకు తీసికొని కూలి పెట్టించెను, అన్నముకొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ ఆ కాలమున బాప్తిస్మములు ఆపెను. తరువాత 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది చేరిరి. వారి నందరిని మోసపోయినవారని మేము అనజాలము. పేరయ్య చేతిలో న్వోయె ప్రశ్నయే యుండెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పల్నాటిసీమకు సొంత సంస్కారము లేదా? మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టలేదా? మాలకన్నమదాసును కొడుకుగా చేరదీయలేదా? చేసెను, పల్నాటి వీరుల కథ పాడువారు నేటికిని దానిని పాడుదురు. కాని అది ఊరి వ్యవస్థ కాలేదు. కారెంపూడిలో వీరుల ఆయుధములకు పూజ నిలిచినది. చాప చుట్టి పెట్టబడినది.

పోనీ, పాశ్చాత్యుడు రాకున్న విశ్వాసము చెక్కుచెదరక నిలుచునా? మేము కూర్చున్న దిబ్బయే దీనికి సాక్షి. ధాన్యకటకము శాతవాహనుల నగరము; 1962-65 త్రవ్వకములలో ఇచ్చట ఓడలరేవు కట్టడము బయల్పడినది. ప్రక్కనే అమరావతి మహాచైత్యము. ఏడవ శతాబ్దమున హ్యుయన్‌త్సాంగు వచ్చునప్పటికే ఇచ్చటి విహారములు పెక్కు పాడువడియున్నవి. 1182లో కోట కేతరాజు అమరేశ్వరునితోపాటు బుద్ధునికిని దీపములు పెట్టించెను, నిజమే. తరువాత ఆ దీపములును ఆరినవి. పదునెనిమిదవ శతాబ్దాంతమునకు అది పేరు మరచిన దీపాలదిన్నె. వాసిరెడ్డివారి ఊరినిర్మాణమునకు దాని రాళ్లు పోయినవి. 1797లో కాలిన్ మెకంజీ చూచెను. 1845లో ఎలియట్ త్రవ్వించిన శిల్పములు లండను చేరినవి. దొంగిలినవానిని దూషింతము. అయితే దొర వచ్చునాటికి ఆ రాళ్లను తమవని చెప్పుకొనువారు ఊరిలో ఎందరుండిరి?

క్రొత్తమతము కులమును తుడిచివేసినదనియు మేము చెప్పుటలేదు. అచెబె నవలలో ఓసులు చర్చిలో కూర్చుండగా, ముందు చేరిన క్రైస్తవులే లేచి గొణిగినారు. కియాగా అను ఉపదేశకుడు నిలువబట్టి గాని వారికి చోటు దొరకలేదు. మనయందు మాల చర్చి, మాదిగ చర్చి యను మాటలు వినని గుంటూరు మండలమువాడు ఉన్నాడా? వినుకొండలో 1895లో క్రైస్తవ గృహమున పుట్టిన జాషువ అంటరానితనమును ఇంటిదగ్గరనే నేర్చెను; 1941లో ‘గబ్బిలము’ వ్రాసినప్పుడు శివునికి విన్నపము పంపుటకు గబ్బిలమునే ఆశ్రయింపవలసివచ్చెను.

స్వతంత్ర ప్రభుత్వమును ఈ ముడిని విప్పలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల పట్టికను హిందువులకు (కొన్ని సిక్కు కులములు తప్ప) పరిమితము చేసెను. 1956లో సిక్కులందరిని, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవుడైన దళితునికి ఆ సవరణలలో చోటు దొరకలేదు. ఆంధ్రదేశమున వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున వానిని లెక్కింతురు. పల్లెలో ప్రక్కయింటివారు మాత్రము పట్టిక చూచి పలుకరింపరు.

ఈ సంగతి మేము చెప్పుచుండగా ఆ అమ్మాయి నవ్వెను. న్వోయె మతము మారి ఐజాక్ అయినాడు గదా, ఆ పుట తిరుగవేసి చూపి, “ఇతనికి ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చింది మాస్టారూ. మా ఇళ్లలో రెండూ ఉంటాయి. చర్చిలో ఒకటి, సర్టిఫికెట్టులో ఒకటి” అనెను. తక్కిన మువ్వురు కొంతసేపు మాటాడలేదు.

చీకటిపడి లేచునప్పుడు వారిలో ఒకడు, పరీక్షలో ఏమి వ్రాయవలెనని అడిగెను. తెల్లవాని కచ్చేరిని, సంకెళ్లను విడువక వ్రాయుమనియు, వానికంటె ముందు కుండలలోని కవలలను, ఇకెమెఫూనను, ఓసులను వ్రాయుమనియు చెప్పితిమి. మార్కుల పూచీ మాత్రము మాది కాదంటిమి.