ఇంటి పన్ను కాగితమును చదువుదాము

ప్రతి సంవత్సరము శీతకాలము రాకముందు కౌంటీ నుండి మన ఇండ్లకు ఒక కవరు వస్తుంది. అది ఇంటి పన్ను కాగితము. చాలా ఇండ్లలో ఆ కవరు విప్పి, అడుగున ఉన్న మొత్తము చూసి, నిట్టూర్చి, చెక్కు వ్రాసి పంపుతారు. పై వరుసలలో ఏమి వ్రాసి ఉన్నదో చదివేవారు తక్కువ. మేము కూడ చాలా కాలము అట్లే చేసినాము.

మా కళ్లు తెరిపించినది ఒక చిన్నపిల్ల. శనివారము తెలుగు తరగతిలో "వాన" అనే మాట మీద నాలుగు వాక్యములు వ్రాయమన్నాము. ఆ పిల్ల ఇట్లా వ్రాసినది: "మా అవ్వ వీధిలో వాన పడితే నీళ్లు నిలుస్తాయి. ఎదురు వీధిలో నిలవవు. అక్కడ నడిచే బాట ఉన్నది. మా అవ్వకు లేదు." వ్రాతలో తప్పులు లేవు. కాని "ఎందుకు, మాస్టారూ?" అని అడిగినప్పుడు మా దగ్గర సమాధానము లేదు.

అవ్వను కలిసినాము. ఆమె కాపురము మన కాలిఫోర్నియా లోయలోని ఒక ఊరి అంచున. నీళ్లు నిలుస్తున్నాయని ఆమె ఒక కార్యాలయమునకు వెళ్లితే, ఆ వీధి మాది కాదన్నారట. రెండవ కార్యాలయమునకు వెళ్లితే, డబ్బు లేదన్నారట. "ఫిజీలో చెరకు తోట గట్టు మీద నడిచినాము బాబూ, ఇక్కడ కూడ గట్టు మీదనే నడుస్తున్నాము" అని నవ్వి టీ ఇచ్చినది. ఆ నవ్వు మాకు నచ్చలేదు. తరువాత మేము చదివి, విని తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసము. మన వారు చాలామంది ఉన్న మోడెస్టో నగరమును ఉదాహరణగా తీసుకొంటాము. మిగిలిన ఊళ్లలో వివరములు మారవచ్చును గాని పద్ధతి ఇంచుమించు ఇదే.

ఒక వీధికి ఎందరు యజమానులు?

మోడెస్టో ఊరి నడుమ 1912లో కట్టిన ఒక తోరణము ఉన్నది. దాని మీద నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యము అనే నాలుగు మాటలు వ్రాసి ఉన్నాయి. ఈ నాలుగూ ఒక్క ప్రభుత్వము ఇచ్చేవి అనుకొంటే పొరపాటు.

నగరమునకు ఒక మేయరు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు. వారు నియమించిన సిటీ మేనేజరు రోజువారీ పని చూస్తాడు. పోలీసులు, నగరపు వీధులు, ఉద్యానవనములు, త్రాగే నీరు, మురుగు నీరు వారి పని. కౌంటీకి ఐదుగురు సూపర్వైజర్లు. నగరము ఎల్లకు బయట ఉన్న వీధులు, షెరీఫు, జైలు, సంక్షేమ సహాయము వారివి. పొలములకు నీరు, ఇండ్లకు కరెంటు ఇచ్చేది మోడెస్టో ఇరిగేషన్ డిస్ట్రిక్టు. అది 1887లో పుట్టినది, 1923 నుండి కరెంటు కూడ అమ్ముతున్నది. దానికి వేరే ఐదుగురు సభ్యుల బోర్డు, వేరే ఎన్నిక. బడులకు మరొక బోర్డు. కరెంటు బిల్లు పెరిగినదని మేయరును తిట్టేవారిని మనము చూస్తూ ఉంటాము. మేయరుకు దానితో సంబంధము లేదు. తలుపు తప్పి తట్టితే లోపలివారు పలుకరు.

ఒక శాతము కథ

ఇక పన్ను. 1970లలో కాలిఫోర్నియాలో ఇండ్ల ధరలు వేగముగా పెరిగినాయి, ధరతో పాటు పన్ను కూడ పెరిగినది. పింఛను మీద బ్రతికే ముసలివారు ఇల్లు పోతుందేమోనని భయపడినారు. హోవార్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు సంతకములు సేకరించి ప్రపోజిషన్ 13ను ఓటుకు తెచ్చినారు. 1978 జూన్ 6న ఇంచుమించు 65 శాతము ఓట్లతో అది గెలిచినది.

దాని సారము ఇది. ఇంటి పన్ను మూల రేటు విలువలో 1 శాతము మించరాదు. ఆ విలువ ఇల్లు కొన్న నాటి ధర. అది ఏడాదికి 2 శాతము కంటే ఎక్కువ పెరగరాదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రము కొత్త ధర కట్టుతారు.

1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగిన తరువాత మన వారు చాలామంది ఇక్కడికి వచ్చినారు. వారిలో ఒకరు 1988లో లక్ష డాలర్లకు ఇల్లు కొన్నారనుకొందాము. ఏటా పూర్తిగా 2 శాతము పెరిగినా 37 ఏండ్లకు కాగితము మీది విలువ సుమారు 2,08,000 డాలర్లు, మూల పన్ను 2,080 డాలర్లు. ప్రక్కన అటువంటి ఇంటినే ఒక యువ దంపతులు ఇప్పుడు 4,50,000 డాలర్లకు కొంటే వారి మూల పన్ను 4,500. ఒకే వీధి, ఒకే దీపము, రెండింతల కంటే ఎక్కువ పన్ను. తాతగారికి ఇది రక్ష, మనుమనికి ఇది బరువు. రెండు మాటలూ నిజమే.

ఆ 1 శాతము అంతా నగరమునకే వెళ్లుతుందని చాలామంది అనుకొంటారు. కాదు. అందులో బడులకు, కౌంటీకి, ఇతర డిస్ట్రిక్టులకు పంచగా నగరము చేతికి వచ్చేది చిన్న పాలు. 1978 చట్టముతో రాష్ట్రమంతటా ఇంటి పన్ను ఆదాయము సగానికి పైగా తగ్గినది. 1990ల మొదట్లో రాష్ట్రము తన కష్టకాలములో నగరముల, కౌంటీల వాటా నుండి కొంత బడుల వైపు మళ్లించినది. గుంటలు పూడ్చుటకు డబ్బు లేదన్న మాట పూర్తిగా సాకు కాదని ఇందువలన తెలుస్తుంది.

కాగితములో 1 శాతము క్రింద మరికొన్ని వరుసలు ఉంటాయి. ఓటర్లు ఒప్పుకొన్న బడి బాండ్ల అప్పు ఒకటి. 2000 సంవత్సరము నుండి బడి బాండ్లకు 55 శాతము ఓట్లు చాలు. కొత్త పేటలలో రోడ్లు, పార్కులు కట్టిన అప్పు మరొకటి ఉండవచ్చును. దీనికి 1982 నాటి మెల్లో-రూస్ చట్టము ఆధారము. కొత్త ఇల్లు కొనేవారు ఈ వరుసను సంతకము చేయకముందే అడిగి తెలుసుకోవలెను.

అర సెంటు, ఒక సెంటు

ఇంటి పన్ను చేయి కట్టివేసినందున నగరములు, కౌంటీలు అమ్మకపు పన్ను వైపు తిరిగినాయి. ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోవలెను: సాధారణ పన్ను, ప్రత్యేక పన్ను. నగరము ఏ పనికైనా వాడుకొనగలది సాధారణ పన్ను, దానికి సగము కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. రోడ్లకే అని కట్టుబడి నగరము గాని కౌంటీ గాని ఓటుకు పెట్టేది ప్రత్యేక పన్ను, దానికి మూడింట రెండు వంతులు కావలెను. 1978 చట్టము, 1996లో వచ్చిన ప్రపోజిషన్ 218 కలిసి ఈ నియమమును బిగించినాయి.

మోడెస్టో ఉన్న స్టానిస్లాస్ కౌంటీలో ఇది ఎట్లా జరిగినదో చూడండి. 2008లో రోడ్ల కొరకు అర సెంటు ప్రత్యేక పన్ను ఓటుకు వచ్చినది. నూటికి 66 మందికి పైగా అవునన్నారు, అయినా ఓడిపోయినది. మూడింట రెండు వంతులకు వెంట్రుక వాసి తక్కువ. 2016లో మెజర్ ఎల్ అనే పేరుతో అదే అర సెంటు 25 ఏండ్లకు మరల వచ్చి గెలిచినది. అందులో సగము ఊళ్ల వీధులకే. నడుమ ఎనిమిది ఏండ్లు గుంటలు గుంటలుగానే ఉన్నాయి. ఓటుకు పోక ఇంట కూర్చొన్న కొద్దిమంది వచ్చి అవునని ఉంటే కథ వేరు. వద్దనేవారికి కూడ అదే పాఠము: తమ ఓటుకు అక్కడ రెండింతల బరువు.

2022 నవంబరులో మోడెస్టో నగరము మెజర్ హెచ్ పేరుతో ఒక సెంటు సాధారణ పన్నును అడిగినది. అది గెలిచినది. 2023 ఏప్రిల్ 1 నుండి నగరములో అమ్మకపు పన్ను 7.875 శాతము నుండి 8.875 శాతమునకు పెరిగినది. ఇది సాధారణ పన్ను గనుక ఏ పనికి ఎంత అన్నది ప్రతి ఏడాది బడ్జెటు సమయములో కౌన్సిల్ నిర్ణయిస్తుంది. కాబట్టి ఓటు వేసిన రోజుతో పని అయిపోలేదు. బడ్జెటు రోజున కూడ మనము కనిపించవలెను.

ఎల్లకు బయటి వీధులు

ఇప్పుడు అవ్వ వీధి సంగతి. నగరము పెరిగేటప్పుడు కొన్ని పేటలను తనలో కలుపుకొన్నది, కొన్నిటిని వదలినది. చుట్టూ నగరము, నడుమ కౌంటీ భూమి. వీటిని ఇక్కడివారు దీవులు అంటారు. మోడెస్టో దక్షిణమున, పడమరన ఇటువంటి దీవులలో నడిచే బాటలు, వాననీటి కాలువలు, మురుగు కాలువలు లేక ప్రజలు సెప్టిక్ ట్యాంకులతో కాలము గడిపినారు. బ్రెట్ హార్ట్, రాబర్ట్‌సన్ రోడ్ వంటి పేటల వారు, ఎక్కువగా లాటినోలు, 2004లో నగరము మీద, కౌంటీ మీద ఫెడరల్ కోర్టులో దావా వేసినారు. 2009లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు క్రింది కోర్టు కొట్టివేసిన కొన్ని ఆరోపణలను మరల విచారించవలెనని చెప్పినది. తరువాతి ఏండ్లలో కొన్ని పేటలకు మురుగు కాలువలు వచ్చినాయి. ఇంకా రానివి కూడ ఉన్నాయి.

దీవిలో ఉన్నవారికి నగరము ఎన్నికలలో ఓటు లేదు. మేయరును వారు ఎన్నుకోలేరు, మెజర్ హెచ్ మీద అవును, కాదు చెప్పలేరు. కాని బియ్యము కాకపోయినా, బియ్యము వండే కుక్కరు కొనుటకు నగరపు దుకాణమునకే పోవలెను. అక్కడ ఆ ఒక సెంటు చెల్లించవలెను. పన్ను ఉన్నది, ఓటు లేదు.

ఈ మాట మన చెవికి కొత్త కాదు. గిర్మిట్ ఒప్పందముల కాలము ముగిసిన తరువాత, 1923లో ఫిజీ ప్రభుత్వము మన మగవారి మీద ఏటా తలకు ఒక పౌను పన్ను వేయ తలపెట్టినది. అప్పటికి మనకు శాసనసభలో ఎన్నుకొన్న ప్రతినిధి లేడు. ప్రభుత్వము నియమించిన బద్రీ మహరాజ్ ఒక్కరే ఉన్నారు. ఆ పన్నుకు నిరసనగా ఆయన తన స్థానమును వదలినారు. 1929లో మొదటిసారి మన వారు ముగ్గురు ఎన్నికై వెళ్లినారు. జాతికి ఒక ఓటర్ల పట్టీ కాదు, అందరికీ ఒకే పట్టీ కావలెనని అడిగినారు. ఆ తీర్మానము ఓడగానే సభ విడిచి వచ్చినారు. ఓటు అంటే ఏమిటో మన పెద్దలు పుస్తకములలో చదివి నేర్చుకోలేదు.

మన వార్డు, మన సభ్యుడు

ఒకప్పుడు మోడెస్టోలో కౌన్సిల్ సభ్యులందరినీ ఊరంతా కలిసి ఎన్నుకొనేవారు. జనములో నాలుగవ వంతు లాటినోలు ఉన్నా, 1911 నుండి ఒక్క లాటినో మాత్రమే గెలిచినాడు. 2002లో సంతకమైన కాలిఫోర్నియా ఓటింగు హక్కుల చట్టము క్రింద 2004లో దావా పడినది. 2006లో అప్పీలు కోర్టు ఆ చట్టము చెల్లుతుందని చెప్పినది. నగరము ఎదుటి పక్షపు వకీళ్లకు 30 లక్షల డాలర్లు ఇచ్చుకొని రాజీపడినది. 2008లో ఓటర్లు వార్డుల పద్ధతిని ఒప్పుకొన్నారు. 2009 నుండి వార్డుల వారీగా ఎన్నికలు వచ్చినాయి.

మన పెద్దలు ఒకే పట్టీ అడిగినారు కదా, ఇది దానికి విరుద్ధము కాదా అని మా తరగతిలో ఒక విద్యార్థి తండ్రి అడిగినారు. మాకు తోచినది ఇది: ఫిజీలో పట్టీని విడగొట్టినది జాతి. ఇక్కడ వార్డును విడగొట్టేది వీధి. ఒక వార్డులో ఉన్న పంజాబీ, మెక్సికన్, అసీరియన్, ఫిజీ తెలుగు అందరూ ఒకే పట్టీలో ఉంటారు. అందరి కాళ్లకూ ఒకే బురద అంటుతుంది. చిన్న వార్డులో కొద్ది కుటుంబములు కలిసి వచ్చినా సభ్యుడు వినక తప్పదు.

చేయవలసిన పనులు

మొదటిది, మీ ఇల్లు నగరములో ఉన్నదా, కౌంటీలో ఉన్నదా తెలుసుకోండి. తపాలా చిరునామాలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన నగరములో ఉన్నట్లు కాదు.

రెండవది, మీరు కాపురమున్న సొంత ఇంటికి విలువలో 7,000 డాలర్ల మినహాయింపు ఉన్నది. ఏటా సుమారు 70 డాలర్లు మిగులుతాయి. కౌంటీ అసెసరు కార్యాలయములో దరఖాస్తుకు రుసుము లేదు. ఒకసారి ఇస్తే ఆ ఇంట ఉన్నంత కాలము చాలు.

మూడవది, పన్ను మొదటి కంతు డిసెంబరు 10 లోపల, రెండవది ఏప్రిల్ 10 లోపల కట్టండి. దాటితే 10 శాతము జరిమానా.

నాలుగవది, తల్లిదండ్రుల ఇల్లు పిల్లలకు వచ్చేటప్పుడు జాగ్రత్త. 2020లో గెలిచిన ప్రపోజిషన్ 19 ప్రకారము 2021 ఫిబ్రవరి 16 నుండి, పిల్లలు ఆ ఇంట తామే కాపురముండకపోతే పాత తక్కువ విలువ నిలువదు. ఇల్లు అద్దెకిచ్చి పన్ను పాతదే ఉంటుందనుకొన్నవారు చిక్కులలో పడతారు. కుటుంబములో ముందే మాట్లాడుకోండి.

ఐదవది, సభకు వెళ్లండి. 1953 నాటి బ్రౌన్ చట్టము ప్రకారము కౌన్సిల్ సాధారణ సమావేశపు కార్యక్రమమును 72 గంటల ముందు ప్రకటించవలెను, ప్రజలకు మాట్లాడే అవకాశము ఇవ్వవలెను. ఓటు వేయుటకు పౌరసత్వము కావలెను, మాట్లాడుటకు అక్కరలేదు. దీవిలో ఉన్న అవ్వ కూడ నగరపు సభలో నిలబడి మాట్లాడవచ్చును. కౌంటీ సూపర్వైజరుకు ఓటు కూడ వేయవచ్చును.

అడగనిదే అమ్మయినా పెట్టదు అన్నారు. ఈసారి కవరు వచ్చినప్పుడు బల్ల మీద పరచి, పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, పై వరుస నుండి చదవండి. మేము తరగతిలో అదే చేసినాము. వాన మీద వాక్యములు వ్రాసిన ఆ పిల్ల ఐదవ వాక్యము కూడ చేర్చినది: "మా అవ్వ వీధి కౌంటీది, నేను వారికి ఉత్తరము వ్రాస్తాను." ఆ ఉత్తరమును మేము దిద్దినాము. అవ్వ క్రింద సంతకము పెట్టినది.