ఇంటి లెక్కలే వాళ్ల పరిశోధన!

అర్థశాస్త్రం అనగానే మీకేం గుర్తొస్తుంది? బడ్జెట్ రోజున టీవీలో గంటల తరబడి సాగే చర్చలేనా? లోటు, ద్రవ్యోల్బణం, వృద్ధిరేటు... “మనకెందుకులే ఈ గోల” అని ఛానెల్ మార్చేస్తాం. అదే చేత్తో ఉల్లిపాయలు మండిపోతున్నాయని కూరలో రెండు తగ్గించి వేస్తాం. చీటీ పాట ఏ నెలలో పాడుకుంటే లాభమో లెక్క కడతాం. పెద్దాడి ఫీజు కట్టాక చిన్నదాని గాజులకి ఎంత మిగులుతుందో చూసుకుంటాం. ఇదంతా అర్థశాస్త్రమేనండీ! పేరు మాత్రం మనం పెట్టుకోలేదు.

ఇలాంటి ఇంటి విషయాల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసే అధ్యాపకులున్న ఒక కాలేజీ గురించి ఈ వారం చెప్పుకుందాం. అమెరికాలో బోస్టన్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న వెల్లెస్లీ కాలేజీ అది. 1875లో తరగతులు మొదలైన మహిళా కళాశాల. హిల్లరీ క్లింటన్ చదివింది ఇక్కడే. దీన్ని ‘లిబరల్ ఆర్ట్స్’ కాలేజీ అంటారు. అంటే డిగ్రీ మొదటి రోజునుంచే ఒకే సబ్జెక్టుకి కట్టిపడేయరు. అర్థశాస్త్రం ముఖ్యంగా తీసుకున్న అమ్మాయి సంగీతమూ నేర్చుకోవచ్చు, జీవశాస్త్రమూ చదవచ్చు. క్లాసులు చిన్నవి. పాఠం చెప్పేదీ, పరిశోధన చేసేదీ ఆ ప్రొఫెసర్లే.

కాలవ నీళ్ల నుంచి నోబెల్ దాకా

ఈ కాలేజీలో అర్థశాస్త్ర విభాగానికి పునాది వేసిన మహిళ కేథరిన్ కోమన్. 1911లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ అనే పత్రిక మొదలైంది. ఈనాటికీ ఆ రంగంలో దాన్ని పెద్ద పత్రికల్లో ఒకటిగా చెబుతారు. దాని మొట్టమొదటి సంచికలో మొట్టమొదటి వ్యాసం రాసింది కోమనే. దేని గురించో తెలుసా? సాగునీటి సమస్యల గురించి! కాలవ ఎవరు తవ్వాలి, ఖర్చు ఎవరు భరించాలి, నీళ్లెవరికి దక్కాలి... కాలవ చివరి భూములవాళ్లు ఏటా పడే అవస్థ తెలిసిన మనకి ఈ ప్రశ్నలు కొత్తవా? సరిగ్గా నూరేళ్ల తరవాత, 2011లో, అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ అదే పత్రికలో ఆ వ్యాసాన్ని గుర్తుచేస్తూ మళ్లీ రాశారు.

అక్కడే పాఠాలు చెప్పిన మరొకావిడ ఎమిలీ గ్రీన్ బాల్చ్. పొట్ట చేతపట్టుకుని తూర్పు యూరప్ నుంచి అమెరికాకి వలస వచ్చినవాళ్ల బతుకులు అర్థం చేసుకోవాలని, వాళ్లు వదిలి వచ్చిన ఊళ్లకి కూడా వెళ్లి చూసి 1910లో పుస్తకం రాసింది. మొదటి ప్రపంచ యుద్ధం వద్దని గట్టిగా మాట్లాడినందుకు 1919లో కాలేజీ ట్రస్టీలు ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోలేదు. అప్పటికామెకి యాభై దాటాయి. ఆమె మాత్రం శాంతి కోసం పని మానలేదు. 1946లో, 79 ఏళ్ల వయసులో, నోబెల్ శాంతి బహుమతి అందుకుంది!

ఇంకొకరు కేరొలిన్ షా బెల్. 1950 నుంచి 1989 దాకా వెల్లెస్లీలో బోధించారు. వినియోగదారులు, అంటే బజారుకి వెళ్లి కొనే మనలాంటివాళ్లు, ఎలా ఎంచుకుంటారన్నది ఆవిడ అధ్యయనం చేసిన అంశాల్లో ఒకటి. ఆర్థికవేత్తల్లో ఆడవాళ్ల స్థితిగతులు చూడడానికి అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ ఒక కమిటీ వేస్తే, దానికి తొలి అధ్యక్షురాలు ఆవిడే.

ఇల్లు కొనేముందు...

“ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేం” అనే మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించింది? ఆ మాట మీద పరిశోధన చేసినాయన కార్ల్ కేస్. వెల్లెస్లీలో 34 ఏళ్లు పాఠాలు చెప్పి, 2016లో కన్నుమూశారు. యేల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రాబర్ట్ షిల్లర్‌తో కలిసి ఇళ్ల ధరలు కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. చాలా తేలికైన ఆలోచన అది. నిరుడు అమ్ముడుపోయిన చిన్న ఇంటినీ, ఈ ఏడు అమ్ముడుపోయిన పెద్ద ఇంటినీ పోల్చి ధర పెరిగిందంటే తప్పు కదా! అందుకని ఒకే ఇల్లు రెండుసార్లు చేతులు మారినప్పుడు ఆ రెండు ధరల్నీ పోల్చి చూశారు. అమెరికాలో ఇళ్ల ధరలకి ఈనాటికీ ‘కేస్-షిల్లర్’ సూచీనే ప్రమాణంగా చూపిస్తారు.

ఈ ఇద్దరూ 1988లో నాలుగు ప్రాంతాల్లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకి ప్రశ్నలు పంపారు. ధరలు జోరు మీదున్న కాలిఫోర్నియాలో కొన్నవాళ్లు, ఏటా ఇలాగే పెరుగుతాయనీ, నష్టం వచ్చే ప్రమాదం పెద్దగా లేదనీ జవాబులు రాశారు. తీరా 1990ల మొదట్లో అక్కడ ధరలు పడిపోయాయి! మన వైపు ఫ్లాటో, ప్లాటో కొనేటప్పుడు ఏజెంటు చెప్పే ధర మీద ఆధారపడకుండా, అదే అపార్టుమెంటులో ఇదివరకు ఎంతకి రిజిస్ట్రేషన్ అయిందో, ఎంతకి చేతులు మారిందో వాకబు చేయడం మంచిదని ఈయన పద్ధతి మనకి నేర్పుతుంది.

పిల్లలూ, టీవీ, డబ్బులూ

“టీవీ చూసి పిల్లలు పాడైపోతారు” అంటాం కదా. వెల్లెస్లీ ప్రొఫెసర్ ఫిలిప్ లెవీన్, మెలిస్సా కియర్నీ అనే మరో ఆర్థికవేత్తతో కలిసి ఈ సంగతి తేల్చడానికి కూర్చున్నారు. అక్షరాలు, అంకెలు నేర్పే ‘సెసమీ స్ట్రీట్’ కార్యక్రమం అమెరికాలో 1969లో మొదలైంది. మన దగ్గర ‘గలీ గలీ సిమ్ సిమ్’ పేరుతో వచ్చింది దాని రూపమే. ఆ రోజుల్లో కొన్ని ప్రాంతాల్లో సిగ్నల్ సరిగ్గా అందక ఆ కార్యక్రమం కనబడేది కాదు. కనబడిన ఊళ్ల పిల్లల్నీ, కనబడని ఊళ్ల పిల్లల్నీ పోల్చారు. బొమ్మ బాగా కనబడిన చోట పిల్లలు బడిలో వెనకబడకుండా వయసుకి తగిన తరగతిలో ఉండడం ఎక్కువగా కనిపించింది. బీద ప్రాంతాల పిల్లలకి మేలు మరింత ఎక్కువ. అయితే పెద్దయ్యాక చదువు, సంపాదన మీద ఆ ప్రభావం స్పష్టంగా తేలలేదని కూడా నిజాయితీగా రాశారు. 2019లో అచ్చయిన పరిశోధన ఇది.

తల్లులకి డబ్బు ఇస్తే పిల్లలు బడికి వెళతారా? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘అమ్మ ఒడి’, 2025లో ‘తల్లికి వందనం’ వచ్చినప్పుడు మన అరుగుల మీద నడిచిన చర్చే ఇది. వెల్లెస్లీలోని పాట్రిక్ మెక్‌యూవన్ మరొకరితో కలిసి హోండురస్ అనే చిన్న దేశంలో ఇలాంటి పథకాన్ని పరిశీలించారు. బడిలో చేరే పిల్లలు పెరిగారు, పనికి వెళ్లే పిల్లలు తగ్గారు. మేలంతా ఎక్కువగా కడుబీద ప్రాంతాల్లోనే కనిపించింది.

కోర్ట్నీ కోయిల్ అనే ప్రొఫెసర్ది రిటైర్మెంటు విషయం. ఉద్యోగం ఎప్పుడు మానాలన్న నిర్ణయంలో భార్యకి వచ్చే ఆర్థిక ప్రయోజనాల్ని భర్తలు బాగా లెక్కలోకి తీసుకుంటున్నారనీ, భార్యలు మాత్రం భర్తల ప్రయోజనాల్ని బట్టి అంతగా మారడం లేదనీ 2004లో ఆమె చూపించారు. నవ్వొస్తోంది కదూ!

మరి మన పనికి లెక్కేదీ?

2024లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసేవాళ్ల సగటే ఇది. అంటే మనకి దాదాపు అయిదు గంటలు, వాళ్లకి గంటన్నర. వంటమనిషిని పెట్టుకుంటే ఆమె జీతం దేశ ఆదాయంలోకి వస్తుంది. మీరే వండితే రాదు! కెనడాలో పుట్టిన మార్గరెట్ రీడ్ అనే ఆర్థికవేత్త 1934లోనే దీని మీద ఒక పుస్తకం రాసింది. డబ్బిచ్చి ఇంకొకరి చేత చేయించుకోగలిగిన పని ఏదైనా, ఇంట్లో ఊరికే చేసినా అది ఉత్పత్తేనని ఆమె వాదన. అడిగే మనిషి ఉంటేనే ఇలాంటి ప్రశ్న పుస్తకంలోకి ఎక్కుతుంది. అందుకే ఈ శాస్త్రంలోకి ఆడపిల్లలు రావాలి.

మీ అమ్మాయి అడిగితే...

పదో తరగతి అయిపోగానే ఎంపీసీయా, బైపీసీయా అన్న రెండే ప్రశ్నలు మన ఇళ్లల్లో. అమ్మాయి “ఎకనమిక్స్ చదువుతానమ్మా” అంటే వెంటనే కొట్టిపారేయకండి. కొన్ని సంగతులు మాత్రం చూసుకోండి.

* పై చదువుల్లో అర్థశాస్త్రానికి గణితం, గణాంకశాస్త్రం బాగా కావాలి. కాబట్టి ఇంటర్లో లెక్కలున్న ఎంఈసీ లాంటి గ్రూపు తీసుకుంటే దారి సులువు.

* కాలేజీ భవనాలు చూసి మోసపోవద్దు. ఆ విభాగంలో ఎవరెవరున్నారు, ఒక్కొక్కరు దేని మీద పరిశోధన చేస్తున్నారు, డిగ్రీ పిల్లల్ని అందులో కలుపుకుంటారా అని అడగండి.

* లిబరల్ ఆర్ట్స్ చదువు మన దగ్గరా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి ప్రైవేటు సంస్థల్లో ఫీజులు ఎక్కువే. ఉపకార వేతనం ఎంత వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకి వెళ్లండి.

ఈలోగా మీరూ ఒక చిన్న పరిశోధన చేయండి. పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీ తీసి, వారం రోజులు ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. మీవారి పేరున కూడా ఒక గడి గీయండి. ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని కూడండి. 289 ఎక్కడ తేలుతుందో, 88 ఎక్కడ తేలుతుందో మీకే తెలుస్తుంది!