పెరటిలో కుక్కల విసర్జితాల దుర్గంధం – నివారణ పద్ధతులు

కుక్కలను పెంచే ఇళ్ల పెరళ్లలో, ముఖ్యంగా వర్షాకాలంలో, దుర్గంధం తీవ్రమవుతుంది. సుగంధ ద్రావణాలు వాసనను కొంతసేపు కప్పిపుచ్చగలవే గాని తొలగించలేవు. నేలలో జరిగే మార్పులను గ్రహించి తగిన చర్యలు చేపడితే తక్కువ ఖర్చుతో దీనిని నివారించవచ్చు.

కారణాలు: మూత్రంలోని యూరియాను నేలలోని యూరియేజ్ ఎంజైము అమ్మోనియం కార్బొనేటుగా మారుస్తుంది. దానితో ఉదజని సూచిక పెరిగి, అమ్మోనియా వాయు రూపంలో వెలువడుతుంది. తడి నేలపై యూరియా ఎరువును పైపాటుగా చల్లినప్పుడు నత్రజని నష్టపోయేదీ ఈ విధంగానే. మలంలోని మాంసకృత్తులు విచ్ఛిన్నమై ఇండోల్, స్కేటోల్, గంధక సమ్మేళనాలు ఏర్పడతాయి. నీరు నిలిచి గాలి సోకని నేలలో దుర్వాసన మరింత పెరుగుతుంది.

యాజమాన్యం:
1. మలాన్ని ప్రతిరోజూ తొలగించాలి.
2. మూత్రం పడిన చోట వెంటనే దానికి కనీసం మూడింతల నీరు పోయాలి. దీనివల్ల పచ్చిక మాడిపోవడం కూడా తగ్గుతుంది.
3. నల్లరేగడి నేలల్లో మురుగునీరు పోయేందుకు కాలువ తీయాలి. ఎర్ర ఇసుక నేలలకు అమ్మోనియంను పట్టి ఉంచే శక్తి తక్కువ కనుక బాగా చివికిన కంపోస్టు కలపాలి.
4. తడి నేలపై జిప్సంను పలుచగా చల్లి మట్టిలో కలపాలి. అమ్మోనియం కార్బొనేటు దీనితో చర్య జరిపి, ఆవిరి కాని అమ్మోనియం సల్ఫేటుగా మారుతుంది.

చేయకూడనివి: మూత్రంతో తడిసిన నేలపై సున్నం చల్లడం చాలామందికి అలవాటు. సున్నం క్షారత్వాన్ని పెంచి అమ్మోనియాను మరింత వెలువరిస్తుంది. బ్లీచింగ్ పౌడరు అమ్మోనియాతో కలిస్తే విషపూరితమైన క్లోరమైన్ వాయువులు ఏర్పడతాయి.

ఆరోగ్య జాగ్రత్తలు: కుక్క మలాన్ని పశువుల పెంటకుప్పలో కలపరాదు. అందులో ఉండగల టాక్సోకారా ఏలికపాముల గుడ్లు నేలలో కొన్ని సంవత్సరాలు జీవించగలవు. వాటిని నశింపజేయడానికి కుప్ప అంతటా 55 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత కొన్ని రోజులపాటు నిలవాలి. చిన్న పెరటి కుప్పలలో ఇది సాధారణంగా సాధ్యపడదు. కొంకి పురుగు డింభకాలు వట్టి కాళ్లతో ఆడుకునే పిల్లల చర్మం గుండా ప్రవేశించగలవు. కావున మలాన్ని బావికి, కూరగాయల మడులకు దూరంగా అడుగు లోతు గోతిలో పూడ్చాలి. మట్టి నేలపై పిల్లలు చెప్పులు లేకుండా తిరగకుండా చూడాలి. పశువైద్యుని సలహాపై కుక్కలకు క్రమం తప్పక నట్టల నివారణ మందు తాగించాలి. ఇవి పాటించని పెరటిలో వాసన పోయినంత మాత్రాన నేల సురక్షితమని భావించరాదు.